తెర మీది వాక్యం: తెలుగు రాష్ట్రాల ఉపకులపతులకు బహిరంగ లేఖ



పీహెచ్‌డీ పట్టా విషయంలో యూజీసీ 2022లో వెలువరించిన నిబంధనల ప్రకారం ప్రతి పరిశోధక విద్యార్థీ సెమిస్టరుకొకసారి పరిశోధన సలహా సంఘం ముందు హాజరై, తన పని ఎంతవరకు వచ్చిందో ప్రెజెంటేషన్ ద్వారా వివరించాలి; సిద్ధాంత గ్రంథం సమర్పించబోయే ముందు శాఖలోని అధ్యాపకులకూ తోటి పరిశోధకులకూ ప్రవేశమున్న సమావేశంలో మరొక ప్రెజెంటేషన్ ఇవ్వాలి; ఆ తరువాత వైవా ఎలాగూ ఉంటుంది. ఇన్నిసార్లు తప్పనిసరి చేసిన పనిని ఎలా చేయాలో నేర్పే ఏర్పాటు మాత్రం కోర్సువర్కులో చాలాచోట్ల కనిపించదు. పరిశోధన పద్ధతులకూ, గణాంక విశ్లేషణకూ, పరిశోధన నైతికతకూ పాఠాలున్నాయి గానీ, కొన్నేళ్ల శ్రమను ఇరవై, ముప్పై నిమిషాలలో ఎదుటివారికి అర్థమయ్యేలా తెర మీద నిలబెట్టే విద్య మాత్రం సీనియర్ల దగ్గర పాత ఫైలు తెచ్చుకుని, పేరూ తేదీ మార్చుకుని, అదే మూసలో కొత్త విషయం నింపుకోవడంతో సరిపోతున్నది. ఈ లేఖ ఆ లోటును ఉపకులపతుల దృష్టికి తెచ్చి, దానిని సరిదిద్దవలసిందిగా కోరడానికే రాసినది.

స్లైడ్ అన్నది మొదట బొమ్మ చూపడానికి వచ్చిన సాధనం. ఫిల్మ్ ముక్కను చట్రంలో బిగించి వెలుగు ప్రసరింపజేసి తెర మీద పెద్దదిగా చూపేవారు. తరువాత ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పరిచే పారదర్శక పత్రాలు వచ్చాయి. ఫోర్‌థాట్ అనే చిన్న సంస్థలో రాబర్ట్ గాస్కిన్స్, డెనిస్ ఆస్టిన్ రూపొందించిన పవర్‌పాయింట్ 1987లో మెకింతాష్ కంప్యూటర్ కోసం విడుదలైనప్పుడు దాని పని కూడా ఆ పారదర్శక పత్రాల కోసం నలుపు తెలుపు పుటలను తయారుచేసి ఇవ్వడమే. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను 1.4 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ తరువాత స్లైడుకు స్థిరపడిన రూపం అందరికీ తెలిసినదే: పైన శీర్షికకు ఒక గడి, కింద బుల్లెట్ పాయింట్లకు మరొక గడి. బుల్లెట్ పాయింటు అంటే ముందు చుక్క పెట్టి రాసే, తరచుగా క్రియ లేకుండా తెగిపోయే, పొడి పదబంధం. ఖాళీ గడి కనిపిస్తే నింపాలనిపించడం సహజం కనుక, రాసేవారి ఆలోచన కూడా ఆ రెండు గడుల ఆకారంలోకే ఒదిగిపోతుంది; పై గడిలో ‘ఫలితాలు’ అనో ‘చర్చ’ అనో ఒక మాట, కింద పొడి మాటల వరుస పడతాయి. ఫలితం ఏమిటో చెప్పే పూర్తి వాక్యం ఆ స్లైడులో ఎక్కడా ఉండదు.

ఈ అలవాటు ఎంత దూరం తీసుకుపోగలదో తెలిపే ఉదాహరణ తెలుగువారికీ దుఃఖం మిగిల్చిన ఒక ప్రమాదంలో ఉన్నది. 2003 జనవరి 16న అమెరికా అంతరిక్ష నౌక కొలంబియా ఎగిరిన సుమారు 82 సెకన్లకు, బయటి ఇంధన తొట్టి నుంచి ఊడిన ఫోమ్ ముక్క ఒకటి ఎడమ రెక్క అంచుకు తగిలింది. నౌక కక్ష్యలో తిరుగుతూ ఉండగానే ఇంజనీర్ల బృందం ఆ దెబ్బ ఎంత తీవ్రమైనదో అంచనా వేసి, తన విశ్లేషణను పవర్‌పాయింట్ స్లైడ్ల రూపంలో అధికారులకు వివరించింది. వాటిలో ఒక స్లైడ్ తరువాతి కాలంలో ప్రపంచమంతటా చర్చకు వచ్చింది. నష్టం లోతును లెక్కించే పద్ధతి ఉన్నదానికన్నా ఎక్కువ నష్టాన్నే చూపుతుందని, అంటే అంచనా భద్రత వైపే మొగ్గి ఉంటుందని, పాత పరీక్షల సమాచారం సూచిస్తున్నట్లు దాని శీర్షిక చెప్పింది. చదివినవారికి అది ఊరటనిచ్చే శీర్షిక. ఆ కింద పెద్ద చుక్క, గీత, చిన్న చుక్క అంటూ అంచెలంచెలుగా లోపలికి జరిగిపోయిన పదబంధాలు. అన్నింటికన్నా అడుగున, వాస్తవంగా తగిలిన దెబ్బ పాత పరీక్షల పరిధికి చాలా వెలుపల ఉన్నదనే మాట. దానికింద, ఇంకా లోపలి అంచెలో, పరీక్షలలో వాడిన ముక్క ఘనపరిమాణం 3 ఘనపు అంగుళాలైతే ఇక్కడిది 1920 ఘనపు అంగుళాలనే వివరం.

1920ని 3తో భాగిస్తే 640 వస్తుంది. పరీక్షించిన దానికన్నా 640 రెట్లు పెద్ద ముక్క తగిలిందంటే, పాత పరీక్షల ఆధారంగా ఏ ధీమా చెప్పడానికీ వీలులేదన్నమాట. ఆ స్లైడులో ఉన్న అతి ముఖ్యమైన విషయం అదే. అది శీర్షికలో లేదు, భాగహారం చేసి చూపిన సంఖ్యగానూ లేదు, చదివేవారి కన్ను అలసిపోయిన చోట చిన్న అక్షరాలలో ఉన్నది. ఫిబ్రవరి 1న కొలంబియా తిరిగి వస్తూ భూవాతావరణంలో ముక్కలైంది. కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు మరణించారు. స్లైడే ఆ ప్రమాదానికి కారణమని ఎవరూ అనలేరు. కారణం ఫోమ్ దెబ్బ, దాని వెనుక అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో ఏళ్లుగా పేరుకున్న అలసత్వం. అయితే అదే ఏడాది ఆగస్టులో వెలువడిన విచారణ మండలి నివేదిక ఈ స్లైడును ప్రత్యేకంగా పరిశీలించింది. యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎడ్వర్డ్ టఫ్టీ చేసిన విశ్లేషణను అందులో చేర్చి, ఒక ఉన్నతాధికారి ఈ స్లైడ్ చదివి కూడా ఇది ప్రాణాపాయానికి సంబంధించిన విషయమని గ్రహించకపోవడం తేలికగా జరగగలదని తేల్చింది. సాంకేతిక పత్రాల స్థానంలో పవర్‌పాయింట్ స్లైడ్లు వాడే అలవాటు నాసాలో సర్వత్రా వ్యాపించడాన్ని లోపభూయిష్టమైన పద్ధతిగా పేర్కొన్నది.

ఆ ఇంజనీర్లు సమాచారాన్ని దాచలేదన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవలసినది. అంకె ఉన్నది, హెచ్చరిక ఉన్నది. వాటికి దక్కవలసిన స్థానం మాత్రం దక్కలేదు. ‘తగిలిన ముక్క పరీక్షించిన వాటికన్నా 640 రెట్లు పెద్దది, కనుక నష్టాన్ని ఈ పద్ధతితో అంచనా వేయలేము’ అన్న వాక్యం పైన ఉండి ఉంటే, చదివినవారు దానిని దాటి ముందుకు పోవడం కష్టమయ్యేది. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ విద్యార్థులకు రచన, ప్రసంగం బోధించిన మైకేల్ ఆలీ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి సారాంశం కూడా ఇదే: స్లైడ్ శీర్షిక విషయం పేరు కాకుండా, ఒక నిర్ధారణను చెప్పే సంపూర్ణ వాక్యం కావాలి, దాని కింది స్థలమంతా ఆ నిర్ధారణకు ఆధారమైన బొమ్మకో, గ్రాఫుకో, ఛాయాచిత్రానికో చెందాలి, మిగిలిన వివరణ వక్త నోటి నుంచి రావాలి. చూడడానికి ఇది చిన్న మార్పు. ఆచరణలో మాత్రం, నిర్ధారణ వాక్యం రాయలేకపోతున్న విద్యార్థికి ఆ స్లైడులో తాను చెప్పదలచినది ఏమిటో ఇంకా తేలలేదన్న సంగతి అక్కడే బయటపడుతుంది. అది వైవా గదిలో బయటపడడం కన్నా గైడ్ ముందు బయటపడడం ఎంతో మేలు.

వ్యవసాయ శాస్త్రంలో ఒక వైవాను ఉదాహరణగా ఊహించవచ్చు. మిరపలో బిందుసేద్యం మీద పరిశోధన. స్లైడ్ శీర్షిక ‘ఫలితాలు మరియు చర్చ’. కింద సిద్ధాంత గ్రంథం నుంచి యథాతథంగా కాపీ చేసిన పట్టిక: అడ్డంగా ఎనిమిది గడులు, నిలువుగా పన్నెండు వరుసలు, ప్రతి అంకెకూ రెండు దశాంశాలు. పట్టిక కింద ఐదు బుల్లెట్లు. వక్త లేచి ‘వెనక కూర్చున్నవారికి ఇది సరిగా కనిపించకపోవచ్చు’ అని మొదలుపెడతాడు, తరువాత బుల్లెట్లను తెర వైపు తిరిగి చదువుతాడు. కనిపించదని వక్తకే తెలిసిన పట్టికను తెర మీద పెట్టడం శ్రోతల పట్ల అమర్యాద, తన పని పట్ల అన్యాయం. అదే స్లైడుకు ‘బిందుసేద్యం ఇచ్చిన మళ్లలో తక్కువ నీటితో ఎక్కువ మిరప పండింది’ అని శీర్షిక పెట్టి, పట్టికలోని తొంభైకి పైగా అంకెలలో ఈ మాటను నిలబెట్టే నాలుగింటిని మాత్రమే తీసుకుని రెండు జతల బార్ల గ్రాఫుగా గీసి, ప్రతి బారు పక్కనే దాని పేరూ విలువా రాస్తే, పరీక్షకుడు పట్టికలో దారి వెతుక్కునే బదులు అసలు ప్రశ్నకు వస్తాడు: నేల స్వభావం మారితే ఈ ఫలితం నిలుస్తుందా? వైవాలో జరగవలసిన చర్చ అది. పట్టిక ఎక్కడికీ పోదు. అది గ్రంథంలో ఉన్నది, అడిగితే చూపడానికి ఫైలు చివర మరొక స్లైడులోనూ ఉంచవచ్చు.

తెర మీద ఉన్నదానినే చదవడం ఎందుకు నిరుపయోగమో వివరించే పరిశోధన చాలా ఉన్నది. మనిషి ఒక క్షణంలో మనసులో నిలుపుకుని పని చేయగల సమాచారం స్వల్పమని, ఆ స్వల్ప స్థలాన్ని అనవసరమైన శ్రమ ఆక్రమిస్తే నేర్చుకోవడానికి చోటు మిగలదని ఆస్ట్రేలియా మనస్తత్వవేత్త జాన్ స్వెల్లర్ 1988 నాటికే ప్రతిపాదించారు. దీనినే జ్ఞానభార సిద్ధాంతమంటారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా కేంద్రంలో రిచర్డ్ మేయర్ చేసిన ప్రయోగాలు దీనిని బొమ్మలు, మాటలు కలిసిన పాఠాలకు వర్తింపజేశాయి. బొమ్మ చూపుతూ నోటితో వివరిస్తే బాగా అర్థమవుతుందనీ, అదే వివరణను మళ్లీ అక్షరాలుగా తెర మీద కూడా పెడితే అవగాహన తగ్గుతుందనీ ఆయన కనుగొన్నారు. ఇది పునరుక్తి సూత్రం. కన్ను అక్షరాల దగ్గర ఉంటే బొమ్మ దగ్గర ఉండదు. పైగా చదివే వేగమూ వినే వేగమూ కలవవు.

తెలుగునాట తరగతి గదికి అత్యంత అవసరమైన మినహాయింపు ఒకటి మేయర్ సిద్ధాంతంలోనే ఉన్నది. వింటున్న భాష శ్రోతకు మాతృభాష కానప్పుడు, లేదా పదాలు కొత్తవైనప్పుడు, తెర మీది అక్షరాలు సహాయపడతాయి. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి ఇంజనీరింగులోనో డిగ్రీలోనో తొలిసారి ఆంగ్ల ఉపన్యాసం వింటున్న విద్యార్థికి, పేరా పేరాలుగా వచనం నింపిన స్లైడ్ ఎంత భారమో, ఒక్క అక్షరమూ లేని స్లైడ్ కూడా అంతే భారం. అతనికి కావలసినది కొత్త పరిభాషా పదం స్పష్టంగా కనబడడం, వీలైతే దాని పక్కనే తెలుగు పదమో తెలుగు లిపిలో దాని ఉచ్చారణో ఉండడం. అధ్యాపకులకు ఇచ్చే శిక్షణలో ఈ ఒక్క సంగతి చేరితే ఎందరో మొదటి సంవత్సరం విద్యార్థులకు మేలు జరుగుతుంది. దీనికి భిన్నంగా, ఒక్కో స్లైడుకు ఏడు వరుసలు మించరాదంటూ 1956 నాటి జార్జ్ మిల్లర్ వ్యాసాన్ని సాక్ష్యంగా చూపే సలహాలు ప్రచారంలో ఉన్నాయి. మిల్లర్ వ్యాసం కంటికి కనబడకుండా పోయిన అంశాలను గుర్తుంచుకునే శక్తి వంటి విషయాలకు సంబంధించినదే తప్ప, ఎదురుగా తెర మీద నిలిచి ఉండే వరుసలకు కాదు. వరుసలు లెక్కపెట్టడం కన్నా, ఆ వరుసలు అక్కడ ఎందుకు ఉన్నాయో అడగడం అవసరం.

అంకెలను బొమ్మగా మార్చే విషయంలో కూడా రుచి మీద ఆధారపడనక్కరలేదు. 1984లో విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ ప్రచురించిన ప్రయోగాల ప్రకారం ఒకే కొలబద్ద మీద ఉన్న స్థానాలను మనుషులు ఎక్కువ కచ్చితంగా పోల్చగలరు. కోణాలను, వైశాల్యాలను పోల్చడంలో పొరబడతారు. అందువల్లనే ఆరేడు ముక్కల గుండ్రని పై (pie) చార్టు కన్నా సాదా బార్ల గ్రాఫు మేలు. దానికి మందం, నీడ, మూడో కొలత తగిలిస్తే ఎత్తు ఎంతో చదవడమే కష్టమవుతుంది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా మీదనే అర్థం ఆధారపడేలా గీసిన గ్రాఫు ఆ రంగులను వేరుచేసి చూడలేనివారికి వ్యర్థం కనుక, గీతల పక్కనే పేర్లు రాయడం న్యాయం.

తెలుగులో తయారుచేసే స్లైడ్ల సంగతి వేరుగా ఆలోచించవలసినది. తెలుగు శాఖలు, చరిత్ర శాఖలు, జర్నలిజం శాఖలు ఇప్పటికే తెలుగులో ప్రెజెంటేషన్లు ఇస్తున్నాయి గానీ, ఆంగ్ల లిపి కోసం చెప్పిన కొలతలనే అనుసరిస్తున్నాయి. ఆంగ్ల అక్షరాలు చాలావరకు ఒకే వరుసలో కూర్చుంటాయి. తెలుగులో గుడి, ఏత్వం వంటివి పైకి, వత్తులు కిందికి విస్తరిస్తాయి. ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’, ‘శాస్త్రం’ వంటి మాటలలో ఒకే అక్షరానికి రెండు వత్తులు చేరతాయి. వరుసల మధ్య ఎడం ఆంగ్లానికి పెట్టినంతే ఉంచితే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది, రెండూ చెడతాయి. ప, ఫ, ష అక్షరాల మధ్య తేడా చిన్న గీతలోనే ఉండడం వల్ల, అదే పాయింట్ల పరిమాణంలో ఆంగ్లం చదవగలిగిన దూరం నుంచి తెలుగు చదవడం కష్టం. బోల్డ్ చేస్తే గుండ్రని అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోయి ఇంకా మసకబారుతుంది. కనుక తెలుగు స్లైడుకు అక్షరం పెద్దదిగా, ఎడం ఎక్కువగా, మాటలు తక్కువగా ఉండాలి. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. నిర్ధారణ వాక్యం మూడు వరుసలకు సాగితే ‘పెరిగింది’ అన్నదో ‘పెరగలేదు’ అన్నదో మూడో వరుస దాకా తెలియదు. రెండు వరుసలకు మించని శీర్షిక, అర్థం తెగేచోటనే తెగే వరుస తెలుగులో మరింత అవసరం.

ఫాంట్ల ఇబ్బంది దీనికి తోడు. ఆంగ్ల అక్షరాల సంకేతాల మీద తెలుగు ఆకారాలు తొడిగిన పాత డీటీపీ ఫాంట్లతో చేసిన స్లైడ్, ఆ ఫాంటు లేని సెమినార్ హాల్ కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని గుర్తుల వరుసగా కనబడుతుంది; పరిశోధకుడు పరీక్షకుల ఎదుట చెమటలు కక్కుతూ నిలబడవలసి వస్తుంది. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచే స్థానం ఉన్నది. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, గిడుగు వంటి ఫాంట్లు, గూగుల్ వారి నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతున్నాయి; విండోస్‌లో నిర్మలా ఎలాగూ ఉంటుంది. ఫాంటును ఫైలులోనే పొదిగి, దానితోపాటు పీడీఎఫ్ ప్రతి ఒకటి దగ్గర ఉంచుకుంటే ఈ అవస్థ ఉండదు.

అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య తేడాకు వెబ్ ప్రమాణాలు మామూలు అక్షరాలకు 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 నిష్పత్తిని కనీసంగా పెట్టాయి. కిటికీ తెరలు లేని పగటి గదులలో, పాతబడిన ప్రొజెక్టరు కింద, ఆ కనీసం కూడా చాలదు. తెలుపు మీద నలుపో ముదురు నీలమో క్షేమం. అన్నింటికన్నా నమ్మదగిన పరీక్ష, ముందురోజు ఆ గదిలోనే స్లైడ్ వేసి చివరి బెంచీలో కూర్చుని చదివి చూడడం.

స్లైడ్లు మానేయాలని ఈ లేఖ వాదించడం లేదు. కడప జిల్లా కలమళ్లలో దొరికిన, సుమారు క్రీ.శ. 575 నాటిదిగా భావించే, లభ్యమైన తొలి తెలుగు శాసనంగా పేరొందిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనం గురించి ఒక పరిశోధకుడు మాట్లాడుతున్నాడంటే, ఆ రాతి మీది అక్షరాన్ని మాటలతో వర్ణించడం వృథా. శాసనం ఛాయాచిత్రం తెర నిండా ఉండి, చర్చిస్తున్న వరుస ఒక్కటే వెలుగులో నిలిచి, వివాదాస్పదమైన అక్షరం పక్కనే దాని నేటి రూపం కనబడితే, శ్రోత తన కళ్లతో తాను పోల్చుకుని వక్తతో ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. స్లైడ్ సార్థకమయ్యేది అటువంటి చోటనే. సూక్ష్మదర్శిని కింది కణజాలం, గోదావరి డెల్టా ఉపగ్రహ చిత్రం, యంత్రం అడ్డకోత, ఇవన్నీ ఆ కోవలోవి.

స్లైడుకు పెనుశత్రువు దానిని దస్తావేజుగా కూడా వాడుకోవాలన్న కోరిక. సభకు రానివారికి పంపాలి కనుక అన్నీ అందులోనే ఉండాలన్న తాపత్రయంతో వచనం నింపితే, అది చదవడానికి చాలనిదీ, చూడడానికి ఎక్కువైనదీ అవుతుంది. అమెజాన్ సంస్థ 2004లో ఉన్నతస్థాయి సమావేశాలలో పవర్‌పాయింట్‌ను పక్కనబెట్టి, పూర్తి వాక్యాలలో రాసిన పత్రాన్ని సమావేశం మొదట్లో అందరూ మౌనంగా చదివే పద్ధతిని తెచ్చింది. విశ్వవిద్యాలయం అంత దూరం పోనక్కరలేదు. సలహా సంఘం సభ్యులకు వారం ముందు రెండు పుటల వచన పత్రం, సమావేశంలో కొద్దిపాటి స్లైడ్లు అన్న విభజన చాలు. సెమిస్టరు ప్రగతి మీద క్లుప్త నివేదికను నిబంధనలు ఇప్పటికే కోరుతున్నాయి గనుక అదనపు భారమూ లేదు.

ఉపకులపతులకు ఈ లేఖ చేసే విన్నపాలు ఖర్చుతో కూడినవి కావు. పీహెచ్‌డీ కోర్సువర్కులోని పరిశోధన పద్ధతుల పేపరులో ప్రెజెంటేషన్ రచనకు కొన్ని గంటలు కేటాయించి, విద్యార్థి తన సొంత స్లైడునే తరగతిలో తిరగరాసే అభ్యాసాన్ని అందులో పెట్టవచ్చు. కనీసం పది స్లైడ్లు ఉండాలి, పైన విశ్వవిద్యాలయ చిహ్నం, కింద శాఖ పేరు ప్రతి స్లైడులోనూ ఉండాలి అంటూ కొన్ని శాఖలు పెట్టుకున్న నియమాలను తొలగించి, ప్రతి స్లైడుకు నిర్ధారణ వాక్యం ఉండాలన్న ఒక్క నియమాన్ని వాటి స్థానంలో నిలపవచ్చు. తెలుగులో ప్రెజెంటేషన్ ఇచ్చేవారి కోసం ఫాంటు, అక్షర పరిమాణం, వరుసల ఎడం సరిచూసిన ఒక నమూనా ఫైలును తెలుగు శాఖ, కంప్యూటర్ సైన్స్ శాఖ కలిసి తయారుచేసి విశ్వవిద్యాలయ వెబ్‌సైటులో ఉంచవచ్చు. సెమినార్ హాళ్ల కిటికీలకు తెరలు వేయించడం కూడా ఈ పనిలో భాగమే. వచ్చే విద్యా సంవత్సరం కోర్సువర్కు పాఠ్యప్రణాళిక పాఠ్యసంఘాల ముందుకు వచ్చేటప్పటికి ఈ అంశాన్ని ఎజెండాలో చేర్పించవలసిందిగా ఉపకులపతులను సవినయంగా కోరడమైనది.